పాత చైను చప్పుడు

పాతదైతే చప్పుడు చేస్తుంది, కొత్తదైతే చెయ్యదు. చూడక్కర్లేదు కూడా. ఎదురుగా ఉన్న ఆ గది తలుపు తీసి కానిస్టేబులు ఆ వాచీ చైను పట్టుకుని నాలుగడుగులు వేస్తే చాలు, ఈ బెంచీ మీద కళ్ళు మూసుకుని చెప్పేస్తాను. డాక్టరుగారు రావడానికి గంట పడుతుందని చెప్పి ఎస్సైగారు జీపెక్కి వెళ్ళేసరికి పదకొండైంది. నందిగామ ఆసుపత్రి వెనక వరండాలో ఫ్యాను లేదు. ఉన్న ఒక్క బెంచీకి ఒక కాలు పొట్టి, నేను కదిలినప్పుడల్లా టక్కుమంటోంది, ఆ చప్పుడుకి అవతల కుర్చీలో కూర్చున్న తిరుపతిరావుగారు ఉలిక్కిపడుతున్నారు. కదలకుండా కూర్చోవాలి. నా జేబులో రెండు డబ్బీలున్నాయి, పాతకాలం ఫిలిం రోళ్ళ డబ్బీలు, నల్లవి. ఎస్సైగారు తెమ్మన్నది ఒకటే. రెండోది ఎందుకు తెచ్చానో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

నిన్న తెల్లవారుజామున హైవే మీద, ఈ ఊరికి కాస్త ఇవతల, ఆగి ఉన్న లారీని ఒక కారు గుద్ది అంటుకుంది. కారు వీరులపాడు తిరుపతిరావుగారి అబ్బాయి నవీన్‌బాబుది. లోపల ఒక్క మనిషి. మొహం లేదు, బట్టలు లేవు, ఎత్తెంతో కూడా తెలియకుండా ఉందట. ఎడంచేతికి స్టీలు చైను మాత్రం మిగిలింది. వాచీ ఊడి బూడిదలో ఎక్కడో పడిపోయింది, వేడికి స్ప్రింగు పిన్నుల సత్తువ చచ్చిపోతుంది కదా, అది మామూలే. ఎముక తీసి ఎక్కడికో పంపి చేసే పరీక్ష ఉందట కానీ దానికి వారాలు పడుతుందట. అప్పుడు తిరుపతిరావుగారే గుర్తుచేశారట, మావాడి చైను బిగించింది జగ్గయ్యపేట రత్నం, వాడు చూస్తే చెప్పేస్తాడు అని. పొద్దున ఎస్సైగారు ఫోన్ చేసి, "నవీన్‌బాబు చైనులోంచి తీసిన లింకులు మీ దగ్గరే ఉంటాయంటగా, పట్టుకుని రండి" అన్నాడు. ఉంటాయి సార్ అన్నాను. ఎవరి లింకులు వాళ్ళ పేరు రాసి దాచడం నా పద్ధతి, మనిషి లావెక్కితే మళ్ళీ కలపాలి కదా. ఆ మాట చెప్పాను, మిగతాది చెప్పలేదు. మొన్న పొద్దున ఆ కారులో ఇద్దరు వెళ్ళారని చెప్పలేదు. నవీన్‌బాబు ఇంట్లో ఒక్కణ్ణే హైదరాబాద్ వెళ్తున్నానన్నాడట, ఆయన ఇంట్లో ఏదీ పూర్తిగా చెప్పే రకం కాదు. కారు నడిపింది నా కొడుకు డేవిడ్‌రాజు. వాడి చేతికీ అదే కంపెనీ చైను ఉంది. ఇద్దరి ఫోన్లూ స్విచ్చాఫ్. ఇద్దరు వెళ్ళారు, ఒక్కడు ఇక్కడిదాకా తిరిగొచ్చాడు, ఎవరన్నది నేను చెప్పాలి.

మొట్టమొదట ఆ వాచీని చూసినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. అప్పుడు మా బజారులో నాది చిన్న బల్ల, పైన అద్దాల పెట్టె, అంతే. తిరుపతిరావుగారు మిరపకాయలమ్మిన ఏడు మద్రాసు వెళ్ళి కొనుక్కొచ్చారు, స్విస్ వాచీ, చేతికి పెట్టుకుని బుల్లెట్టు దిగితే బజారంతా చూసేది. చైను వదులుగా ఉందని నా బల్ల మీద పెట్టారు. కంటికి ఐగ్లాసు, అదే మా భూతద్దం, పెట్టుకుని చూస్తే నవ్వొచ్చింది. ఇంత గొప్ప వాచీకి ఈ చైనా! లింకులన్నీ పల్చటి స్టీలు రేకుని మడతపెట్టి చేసినవి, లోపలంతా బోలు. లాకు చూస్తే బిస్కెట్ల డబ్బా మూతలా నొక్కితే వంగుతోంది. వాచీకి ఆనే కొసముక్కలు కూడా వంచిన రేకులే. కానీ చేతికి పెడితే గాలంత తేలిక, చెయ్యి ఊపితే గలగలమని సన్నటి చప్పుడు. తిరుపతిరావుగారు వస్తున్నారని ఆయన మాట కంటే ముందు ఆ చప్పుడు చెప్పేది. కూలోళ్ళు పొలంలో నడుములెత్తకుండా ఆ చప్పుడు విని బీడీలు ఆర్పేసేవాళ్ళని మా నాన్న చెప్పేవాడు. మా నాన్న కూడా ఆర్పేవాడు.

కొత్తది అలా కాదు. నాలుగేళ్ళ కిందట నవీన్‌బాబు వచ్చి పాత వాచీ నా ముందు పడేశాడు. "ఈ చైను చూడు రత్నం, ముసలోళ్ళ చర్మంలాగా ఎలా వేలాడిపోయిందో. నాన్న ఎలా పెట్టుకున్నాడో ఏమో. కొత్తది తెప్పించా, వెయ్యి" అన్నాడు. నిజమే, ముప్పై ఏళ్ళు చెమటా దుమ్మూ పట్టి పిన్నులు అరిగిపోతాయి, అడ్డంగా పట్టుకుంటే పాత చైను ఎండిన పొట్లకాయలా కిందకి వంగిపోతుంది. కొత్తది పట్టుకుంటే పలకలా నిటారుగా నిలబడింది. ఒక్కో లింకు నిండు స్టీలు దిమ్మలోంచి కోసింది, పిన్నుల బదులు మరలు, లాకు వేస్తే పెద్ద కారు తలుపు పడినట్టు ఒకే ఒక్క మెత్తటి చప్పుడు, ఆ తర్వాత ఇక నోరెత్తదు. బరువు. బాబుది సన్నటి చెయ్యి, మూడు లింకులు తీశాను. మెచ్చుకున్నాను కూడా, మెచ్చుకోకుండా ఎలా ఉంటాను, పని అలాంటిది. కానీ ఆ కొత్తదానిలో మనిషి లేడు. పాతదానిలో తిరుపతిరావుగారు ఉన్నారు, ప్రతి లింకు సందులోనూ నల్లగా, గట్టిగా. సబ్బునీళ్ళలో నానబెట్టి బ్రష్షుతో రుద్దితే ముప్పై ఏళ్ళ చెమట తెట్టులా తేలింది. ఆ నీళ్ళు కాలవలో పారబోశాను.

పాతది ఏం చెయ్యమంటారు బాబూ అంటే, ఉంచుకో రత్నం, పాత సామానులో వేసుకో అన్నాడు. తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నాను? నాకు ఊహ తెలిసినప్పటినుంచి అదే. మా నాన్న తిరుపతిరావుగారి నాన్నగారి చొక్కాలు తొడుక్కునేవాడు, భుజాలు జారిపోతూ, చేతులు వేళ్ళ దాకా వచ్చి. క్రిస్మస్‌కి కూడా అవే. గుడిలో పాట పాడుతుంటే నేను ఆ చొక్కా కాలరు మీద వేరే మనిషి మెడ మరక చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆ ఇంటి గుడ్డ నా ఒంటి మీద పడకూడదనే వీరులపాడు వదిలి జగ్గయ్యపేట వచ్చి పని నేర్చుకున్నాను, అదే నా పౌరుషం. పడలేదు కూడా. చొక్కా పడలేదు, చైను పడింది, అదీ నా ఒంటి మీద కాదు. డిగ్రీ పాసైన రోజున డేవిడ్‌కి ఒక మామూలు స్టీలు వాచీ ఇచ్చి, దానికి ఈ చైను బిగించాను. కొసముక్కలు సరిపోకపోతే ఆకురాయితో అరగదీశాను, ఎడమ ముక్క మీద చెయ్యి జారి ఏటవాలుగా ఒక గీత పడింది. పర్లేదులే నాన్నా, కనపడదు అన్నాడు వాడు. చెయ్యి ఊపి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "బలే చప్పుడు చేస్తందే" అన్నాడు. రెండు లింకులు తీశాను. ఆ డబ్బీ మీద పేరు రాయలేదు, ఇంట్లోవాడే కదా అని.

ఫోను. జయమణి. ఎత్తకపోతే మళ్ళీ చేస్తుంది.

"ఏమయ్యా, పిల్లోడు నీకేమన్నా చేశాడా?"

"లేదు."

"వీరులపాడోళ్ళ కారు కాలిపోయిందంట, బాబు పోయాడంట. మనోడు తోలుకెళ్ళింది ఆ కారు కాదుగా?"

"హైదరాబాద్‌లో ఉండుంటాడు. చార్జింగ్ అయిపోయుంటది."

"నువ్వెక్కడున్నావ్?"

"నందిగామలో. పని మీద వచ్చా."

"చేస్తే నాకు చెయ్యమను. తిట్టనని చెప్పు."

పెట్టేసింది. తిట్టనని చెప్పు అంది. మొన్న పొద్దున తిట్టింది, ఒకరి కారు తోలడానికా నిన్ను చదివించింది అని. వాడు షూ లేసులు కట్టుకుంటున్నాడు, చైను గలగలమంటోంది, నేను బ్రష్షు నోట్లో పెట్టుకుని చూస్తున్నాను. జాగ్రత్త అని కూడా అనలేదు, నోట్లో నురగ ఉంది. ఉమ్మి చెప్పొచ్చు కదా. రెండు సెకన్ల పని. వాడు గేటు దాటాక ఉమ్మాను.

ఆ కారు తోలడం కూడా నా చైను వల్లే, ఇంకో రకంగా చెప్పుకోవడానికి లేదు. పోయిన ఏడు నవీన్‌బాబు వాచీ చూపించడానికొచ్చి, కొట్లో కూర్చున్న డేవిడ్ చెయ్యి చూశాడు. మణికట్టు పట్టుకుని తిప్పి, "ఒరే ఇది మా నాన్న చైనే కదరా" అని పగలబడి నవ్వాడు. నేను తల వంచుకుని ఐగ్లాసులోంచి ఏదో చూస్తున్నట్టు నటించాను. డేవిడ్ మాత్రం నవ్వాడు, "అవునండీ, మీకంటే నాకే బాగా నప్పింది" అన్నాడు. ఆ జవాబు బాబుకి నచ్చింది. ఏం చేస్తున్నావు, ఉద్యోగం లేదా, డ్రైవింగ్ వచ్చా అన్నాడు. ఆ రోజు నుంచి అవసరమైనప్పుడల్లా పిలవడం. ఇద్దరూ అన్నదమ్ముల్లా తిరిగేవాళ్ళని చెప్పను, ఒకడు వెనక సీటు ఒకడు ముందు సీటు, కానీ బాగానే ఉండేవాళ్ళు. ఆ చేతికి ఒక ప్లాస్టిక్ పట్టీ ఉండి ఉంటే బాబు ఆ చెయ్యి పట్టుకునేవాడే కాదు. వాడు ఇవాళ కొట్లో కూర్చుని నాతో పోట్లాడుతూ ఉండేవాడు.

ప్రార్థన చెయ్యాలి. చేతులు జోడిస్తే తిరుపతిరావుగారు చూస్తారని ఒళ్ళో వేళ్ళు పెనవేసుకున్నాను. ప్రభువా అన్నాను. ఆ తర్వాత ఏమనాలి? అది కొత్త చైను అయ్యేటట్టు చెయ్యమనాలి. అంటే ఏమిటి? అదిగో, వేపచెట్టు కింద కారులో తలుపు తీసుకుని బాబు తల్లి రత్తమ్మగారు కూర్చుని ఉన్నారు, పక్కన కోడలు లహరి, ఆ పిల్ల నిన్నటినుంచి మంచినీళ్ళు ముట్టలేదట. ఆ ఇద్దరి బతుకులూ కాలిపోయేటట్టు చెయ్యి ప్రభువా అని అడగాలి. రత్తమ్మగారు మా ఇంటికి చెడు చేసిన మనిషి కాదు. డేవిడ్ పుట్టినప్పుడు పురిటికి వీరులపాడు వెళ్ళిన జయమణికి అర్ధరాత్రి నెప్పులొస్తే, వర్షంలో ట్రాక్టరు కట్టించి పంపింది ఆవిడే. బొడ్డు కోసిన వార్త చెప్పడానికి వెళ్తే చేతిలో బెల్లం ముక్క పెట్టింది, పైనుంచి వేసిందిలే, అయినా పెట్టింది. ఆ బిడ్డ కోసం ఇప్పుడు ఆవిడ బిడ్డని చచ్చిపొమ్మని అడుగుతున్నాను. మూడుసార్లు మొదలుపెట్టాను, మూడుసార్లూ ప్రభువా దగ్గరే ఆగిపోయాను. ఆవిడ కూడా అక్కడ కళ్ళు మూసుకుని వేదాద్రి నరసింహస్వామినే తలుచుకుంటూ ఉండి ఉంటుంది. మావాడు కాకూడదు స్వామీ అంటుంది. ఎవరో ఒకడు కావాలిగా మరి. ఆ ఎవరో ఒకడు నావాడని ఆవిడకి తెలియదు, అంతే ఆవిడకీ నాకూ తేడా, ఆవిడ తెలియక అడుగుతోంది, నేను తెలిసి అడుగుతున్నాను. అడిగాను చివరికి. నాలుగోసారి పూర్తిగా అడిగేశాను. కొత్తది అయ్యుండాలి అన్నాను. పెదాలు కదిలాయేమో, తిరుపతిరావుగారు ఇటు చూశారు.

"రత్నం."

"అయ్యా."

"రెండు మూడు రోజులు ఫోను కట్టేసి మాయమవడం వాడికి అలవాటే కదా. కారు ఎవడన్నా స్నేహితుడికి ఇచ్చుంటాడు. ఇచ్చుంటాడంటావా?"

"ఇచ్చుండొచ్చండి."

ఎంత తేలిగ్గా అనేశానో. నా నోటితో నేనే. కొంచెంసేపు ఆయన ధైర్యం తెచ్చుకుని నిటారుగా కూర్చున్నారు. ఆయన చేతికి ఇప్పుడు వాచీ లేదు, మణికట్టు దగ్గర ఇప్పటికీ తెల్లటి మచ్చ, వెంట్రుకలు లేకుండా. పాత చైను మడతల్లో వెంట్రుకలు ఇరుక్కుని ఊడొచ్చేవి, తిట్టుకునేవారు. డేవిడ్ కూడా తిట్టుకునేవాడు. వాడి చేతికి వెంట్రుకలు సరిగ్గా రానే లేదు ఇంకా, ఇరవై మూడేళ్ళు. కాలితే స్టీలు ముందు గడ్డిరంగు తిరుగుతుంది, తర్వాత గోధుమ, ఊదా, నీలం. చిన్న చిన్న మరల్ని స్పిరిటు దీపం మీద పెట్టి నేనే నీలంరంగు తెప్పిస్తాను, అందం కోసం. ఇంకా కాలిస్తే బూడిదరంగు. ఎంతసేపు కాలిందో. స్పృహ ఉందో లేదో. గుద్దినప్పుడే పోయి ఉంటే బాగుండు. ఎవరు? ఎవరైనా సరే, గుద్దినప్పుడే పోయి ఉంటే బాగుండు.

జీపొచ్చింది. డాక్టరుగారు రూములోకి వెళ్ళి అయిదు నిమిషాల్లో బయటికొచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. ఎస్సైగారు వరండాలో ఒక బల్ల వేయించాడు. రత్తమ్మగారూ లహరీ కారు దిగి వచ్చి స్తంభం పట్టుకుని నిలబడ్డారు. నేను లేచాను, బెంచీ టక్కుమంది. ఎస్సైగారు, "శాంతికుమార్, తీసుకురా" అన్నాడు. కానిస్టేబులు శాంతికుమార్ లోపల్నుంచి స్టీలు ట్రే పట్టుకుని వచ్చాడు, గడప దగ్గర కాలు కాస్త తడబడింది, ట్రే ఊగింది.

గలగలమంది.

మసి పట్టి గొంతు పూడిపోయింది కానీ అదే. మా ఇంటి గేటు దగ్గర విన్నదే. నేను ఇక బల్ల దగ్గరికి వెళ్ళక్కర్లేదు, కానీ కాళ్ళు వెళ్ళాయి, పని నేర్చినవాడి కాళ్ళు. ఐగ్లాసు పెట్టుకున్నాను. చైను తీసి అడ్డంగా పట్టుకుంటే వంగిపోయింది. రేకు మడతలు, బోలు, సందుల్లో నలుపు, ఈసారి చెమట కాదు. ఎడమ కొసముక్క తిప్పి గోటితో తుడిచాను. ఏటవాలుగా నా ఆకురాయి గీత. పర్లేదులే నాన్నా, కనపడదు. కనపడుతోందిరా. ఐగ్లాసు తియ్యలేదు. అది ఉన్నంతసేపూ లోకంలో ఈ గీత ఒక్కటే ఉంది, ఎవరి మొహమూ చూడక్కర్లేదు. బాబుదే అంటే? ఒక్క మాట. బాబుదేనండి అంటే, మూడు లింకులు సరిపోయాయండి అంటే, నన్ను మించి ఎవరు చెప్తారు. జయమణికి కొడుకు బతికే ఉంటాడు. నవీన్‌బాబు గుమ్మంలోకొచ్చి నిలబడేదాకా అయినా, రెండు రోజులో మూడు రోజులో, హైదరాబాద్‌లో ఎక్కడో చార్జింగ్ లేక బతికే ఉంటాడు. వీళ్ళు తీసుకెళ్ళిపోతారు వాణ్ణి, మా నాన్నకి చొక్కా ఇచ్చిన ఇంటివాళ్ళు, పూలు కప్పి వీరులపాడు తీసుకెళ్ళి, బాజాలు పెట్టి, కట్టెలు పేర్చి, నెయ్యి పోసి.

కాలుస్తారు. నా బిడ్డని మళ్ళీ కాలుస్తారు.

ఐగ్లాసు తీసేశాను. "ఇది బాబుది కాదండి" అన్నాను. మొదటి డబ్బీ తెరిచి కొత్త లింకులు మూడూ పక్కన పెట్టి చూపించాను, "ఇది నిండు స్టీలు సార్, అది మడత రేకు. దీనికి మరలు, దానికి పిన్నులు. చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది" అన్నాను. గొంతు మామూలుగానే ఉంది, కొట్లో గిరాకీకి చెప్పినట్టే. లహరి నిలబడ్డచోటే కూలబడి పెద్దగా ఏడ్చింది. తిరుపతిరావుగారు నోట్లో కండువా కుక్కుకున్నారు. రత్తమ్మగారు పరుగున వచ్చి, ఏనాడూ తాకని మనిషి, నా రెండు చేతులూ పట్టేసుకుంది.

"నీ నోట్లో పంచదార పొయ్య రత్నం! నీ కడుపు చల్లగుండ, నీ పిల్లలు చల్లగుండాలయ్యా" అంది. కళ్ళు భుజానికి తుడుచుకుని ట్రే వైపు చూసి, "ఏ తల్లి కన్న బిడ్డో పాపం" అంది.

"అవునూ, మరి ఇదెవరిది?" అన్నాడు ఎస్సైగారు, పెన్ను మూత తీస్తూ.

ఆవిడ చేతుల్లోంచి నా కుడిచెయ్యి మెల్లగా విడిపించుకున్నాను. జేబులోంచి పేరు లేని డబ్బీ తీశాను. మూత గట్టిగా పట్టేసింది, పళ్ళతో తియ్యాల్సి వచ్చింది. లోపలున్న రెండు లింకులూ ట్రేలో, చైనులోంచి తీసిన చోటికే ఆనించి పెట్టాను. అవి తెల్లగా మెరుస్తున్నాయి.

"రాసుకోండి సార్. పేరు డేవిడ్‌రాజు. తండ్రి పేరు జీవరత్నం, జగ్గయ్యపేట" అన్నాను. రత్తమ్మగారు ఇంకా నా ఎడమచెయ్యి వదల్లేదు. "మాకు తొందరగా ఇప్పించండి సార్. మాలో పూడుస్తారండి. కాల్చరు."